నీలం పోయే చుక్క

మా నాన్నతో వాదించి నేను గెలిచింది ఒకే ఒక్కసారి. అది డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, వసంత్ కుంజ్‌లో మా డాబా మీద, ఎండలో చాప పరుచుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండగా జరిగింది. ఆ గెలుపు నాకు ఇప్పటికీ అరగలేదు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో వాదన అంటే తగాదా కాదు, మేం మాట్లాడుకునే తీరే అది. నాన్న పశ్చిమ గోదావరిలో ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. నేను బోటనీ చదివి, పెళ్ళయి ఢిల్లీ వచ్చి, ఒక స్కూల్లో బయాలజీ టీచరుగా కుదురుకున్నదాన్ని. గ్లాసులో పాలు ముందు పొయ్యాలా డికాక్షన్ ముందు పొయ్యాలా అని మొదలుపెడితే ఆ కాఫీ చల్లారి తొరక కట్టేదాకా ఇద్దరిలో ఎవరం తగ్గేవాళ్ళం కాదు. అమ్మ కత్తిపీట ముందు కూచుని వంకాయలు తరుగుతూ, "ఇద్దరూ ఒకే మాటని రెండు గొంతులతో అరుస్తున్నారు, ఎవరో ఒకరు ఆపండి" అనేది. చాలాసార్లు ఆవిడ అన్నదే నిజం.

అమ్మ పోయాక నాన్నకి మాట పోయింది. నేను ఒక్కదాన్నే కూతుర్ని, వెళ్ళి తీసుకొచ్చేశాను. మా అమ్మాయి పూనాలో హాస్టల్లో ఉండేది, దాని గది ఆయనకిచ్చాం. మెట్రో ఇంకా మావైపు రాని రోజులు. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని, తలమీంచి కిందికి దిగే విమానాల్ని చూస్తూ కూచునేవాడు. ఆకలేస్తోందా నాన్నా అంటే "ఊ". పడుకుంటావా అంటే "ఊ". ఒకరోజు ఉండబట్టలేక, గోదావరి కంటే యమునే పెద్ద నది అని కూడా అన్నాను. దానికీ "ఊ" అన్నాడు. అప్పుడు నాకు భయం వేసింది.

ఆయన నోరు విప్పింది గోంగూర దగ్గర. మాది పై అంతస్తు, డాబా మా వాటాలోదే. కానీ సొసైటీ వాళ్ళు మెట్ల దగ్గర కాగితం అంటించారు. డాబాల మీద మట్టి కుండీలు పెట్టకూడదట, తడి దిగి కప్పులు నానిపోతున్నాయట. నా గోంగూర కుండీలు నాలుగూ తీసెయ్యాల్సి వచ్చింది. వంటింట్లో నేను ఆ కాగితం రాసినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఉతికి ఆరేస్తున్నాను. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, కాగితం మీద ఎవరేం రాసినా ఆయనకి గౌరవమే. "రూలంటే రూలే కదా" అని నసిగాడు. ఆదివారం బజారుకి వచ్చే గోంగూర కట్టలో కాడలు తప్ప ఆకు ఉండదని, ఇక రూలునే పప్పులో వేసి వండుతానని నేను అంటున్నాను.

"మట్టి వద్దన్నారు," అన్నాడు నాన్న బాల్కనీలోంచి. "మొక్క వద్దన్నారా?"

నాలుగు నెలల్లో అదే ఆయన మొదటి పూర్తి మాట. పొయ్యి ఆపేసి బాల్కనీలోకి వెళ్ళాను. మట్టి లేకుండా మొక్క ఎలా వస్తుంది అన్నాను. తెలియక కాదు, ఆయనచేత మాట్లాడించాలని.

"నీకు బోటనీ సీటు ఎవరిచ్చారే?" అన్నాడు.

ఆ తిట్టుకి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మా ఇంట్లో ఒక పాత కూలరు ఉండేది. ఫ్యాను కాలిపోయింది కానీ చుట్టూ ఉండే గడ్డి తడకలూ, వాటి మీదికి నీళ్ళెక్కించే చిన్న పంపూ, అడుగున ప్లాస్టిక్ తొట్టీ బాగానే ఉన్నాయి. నాన్న ఆ తొట్టిని విడదీయించి డాబా మీద పెట్టించాడు. టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ అట్టని తొట్టికి సరిపడా కోసి, చిల్లులు పొడిచి, చిల్లుకో మొలక పెట్టి నీళ్ళ మీద తేలేశాడు. ఎరువుల దుకాణంలో తెచ్చిన లవణాలు తూకం వేసి నీళ్ళలో కలిపాడు. ఆకులు పైన ఎండలో, వేళ్ళు కింద నీళ్ళల్లో. మార్చిలో మొదలుపెడితే ఏప్రిల్‌కి గోంగూర జానెడు లేచింది.

మే నెల రాగానే ఆకులు వాలిపోయాయి. అట్ట ఎత్తి చూస్తే వేళ్ళు గోధుమరంగు తిరిగి, జిగురుగా, మురుగు వాసన వేస్తున్నాయి. లవణాలు ఎక్కువ అయ్యాయని నేను, కాలేదని ఆయన. చివరికి ఇద్దరం ఒకే చోటికి వచ్చాం: వేళ్ళకి గాలి ఆడడం లేదు. మట్టిలో అయితే రేణువుల సందుల్లో గాలి ఉంటుంది. నీళ్ళల్లో అయితే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజనే గతి. నీళ్ళు వేడెక్కిన కొద్దీ అందులో అది నిలవదు. ఢిల్లీ మే నెలలో మా తొట్టి నీళ్ళతో స్నానం చెయ్యచ్చు.

"ఎంత తక్కువైందో కొలవాలి," అన్నాడు నాన్న. "కొలవకుండా మాట్లాడితే అది కబుర్లు."

ఊళ్ళో ఇంటికి తాళం వేసినప్పుడు ఆయన తనతో తెచ్చుకున్నది ఒక ఇనప్పెట్టె. బట్టలనుకున్నాను. అందులో పంచెల మధ్య చుట్టిన బ్యూరెట్టు, పిపెట్లు, గాజు మూతల సీసాలు ఆరు. ఆ సీసాల కథ నాకు తెలుసు. మావైపు వరిచేలు రొయ్యల చెరువులైన రోజుల్లో రైతులు తెల్లారకుండానే సైకిళ్ళ మీద సీసాల్లో నీళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. నాన్న అరుగు మీదే పరీక్ష చేసి అంకె చెప్పేవాడు. "మూడు. ఏరేటరు వేసుకో" అంటే మనిషి చెరువులో గాలి చిలికే ఆ మిషను వెయ్యడానికి చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తేవాడు. ఆ అంకె తప్పితే ఒక చెరువు రొయ్యంతా చచ్చి తేలుతుంది. నాకు తెలిసి ఆయన అంకె ఎన్నడూ తప్పలేదు.

పాత ఢిల్లీలో కెమికల్సు అమ్మే బజారుకి మా ఆయన వెళ్ళి కావలసినవి తెచ్చాడు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ వంటింట్లో పెడితే ఊరుకోనని నేను అడ్డం తిరిగాను. మెట్లు డాబా మీదికి తేలేచోట ఉండే చిన్న గదిని ఇక్కడ మమ్టీ అంటారు. ఆ మమ్టీ ఆయన ల్యాబు అయింది.

ఆ పరీక్ష చూడముచ్చటగా ఉండేది. సీసాని బుడగ లేకుండా నీళ్ళలో ముంచి నింపేవాడు. రెండు మందులు వేసి మూత పెట్టి తిరగేస్తే లోపల గోధుమరంగు మేఘం కమ్ముకునేది. ఆసిడ్ పొయ్యగానే ఆ మేఘం కరిగి తేనెరంగు వచ్చేది. అందులోంచి యాభై మిల్లీలీటర్లు మాత్రం తీసేవాడు, మందులు పొదుపుగా వాడడానికి. చివర్లో వచ్చిన లెక్కని నాలుగుతో హెచ్చించేవాడు. బ్యూరెట్టులోంచి హైపో ద్రావణం వదులుతూ పోతే తేనెరంగు పలచబడి గడ్డిరంగుకి వస్తుంది. అప్పుడు గంజి. నిజం గంజే, మా అన్నం వార్చిన గంజి వడకట్టి రెండు చుక్కలు. గంజి పడగానే మొత్తం ముదురు నీలమైపోతుంది. ఇక ఒక్కొక్క చుక్కే. నీలం తేలికవుతూ, తేలికవుతూ, ఒక చుక్క దగ్గర టక్కున మాయమవుతుంది. ఆ చుక్క దగ్గర ఆపాలి. ఆ చుక్కే లెక్క: అప్పటికి ఎంత హైపో పడితే నీళ్ళలో అంత ఆక్సిజన్.

మొదటిరోజు మధ్యాహ్నం అంకె నాలుగు పాయింటు రెండు, లీటరుకి అన్ని మిల్లీగ్రాములు. నాన్న దాన్ని అట్టబైండు నోటుపుస్తకంలో రాశాడు. తేదీ, వేళ, నీళ్ళ వేడి, అంకె, చివరిది రిమార్కుల గడి.

ఆ వేసవంతా మేమిద్దరం నీళ్ళకి ఊపిరి పోసే పనిలో పడ్డాం. మునీర్కాలో రంగు చేపలు అమ్మే దుకాణంనించి గాలిపంపు తెచ్చాం. దాని గొట్టం కొసన పెట్టే రాయి ముతకదైతే పెద్ద బుడగలు బుడుంగుమని పైకొచ్చి పోతాయి. సన్నదైతే పొగలాంటి బుడగలు నీళ్ళలో ఎక్కువసేపు నిలుస్తాయి. ముతకది చాలని నేనన్నాను, ఆయన రెండూ పెట్టి కొలిచి నా నోరు మూయించాడు. తొట్టికి తడి గోనెసంచులు చుట్టాం. అట్టకీ నీళ్ళకీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ వదిలాం. అసలు కిటుకు మాత్రం కూలరు తడకలది. చిన్న పంపుతో తొట్టి నీళ్ళని గడ్డి తడకల మీదికి ఎక్కించి, మళ్ళీ తొట్టిలోకే జారేలా పెట్టాడు. దారిలో నీళ్ళు చల్లబడేవి, గాలి తాగేవి. మనుషుల కోసం చేసిన కూలరు మొక్కల వేళ్ళకి పనిచేసింది. కరెంటు పోతే ఆయన ఇత్తడి చెంబు పుచ్చుకునేవాడు. తొట్టిలో ముంచి, చెయ్యెత్తు నించి ధారగా తొట్టిలోకే పోసేవాడు, కాఫీ తిరగబోసినట్టు. ఆయనకి చెయ్యి నొప్పెడితే నేను. ఎత్తు చాలదని ఆయన, బొట్టుబొట్టుగా కాదు ధార తెగకూడదని నేను. కింది ఫ్లాటు పంజాబీ ఆవిడ పైకొచ్చి చూసి, మేం ఏదో పూజ చేస్తున్నామనుకుని చెప్పులు విడిచి నిలబడింది.

జులైకి అంకె ఆరు పాయింటు ఎనిమిది. వేళ్ళు మల్లెపూలలా తెల్లబడ్డాయి. మా ఆయన ఆఫీసుకి గోంగూర పచ్చడి సీసాల్లో వెళ్ళింది. నాన్న రెండో ముద్దకి కూడా పచ్చడే కలుపుకుని, ఉప్పు తక్కువ అన్నాడు. తక్కువ కాదు. అయినా నేను వాదించలేదు, ఆయన అన్నం తింటున్నాడని.

సెప్టెంబరు నించి అంకె దిగడం మొదలుపెట్టింది.

ఆరు పాయింటు ఆరు. అక్టోబరులో ఆరు పాయింటు నాలుగు. నాన్న రెండో గాలిపంపు తెప్పించాడు. నవంబరులో ఆరు. ఇంకో రెండు రాళ్ళు వేయించాడు. తొట్టి కడిగించాడు. మొక్కలు ఎక్కువై గాలి లాగేస్తున్నాయని సగం పీకించాడు. అది నాకు మహా కోపం తెప్పించింది. డిసెంబరు మొదట్లో అయిదు పాయింటు ఎనిమిది. తొట్టిలో నీళ్ళు ఇడ్లీపాత్రలా కుతకుతమంటూ బుడగలు కక్కుతున్నాయి. ఆయన పుస్తకం మాత్రం వాటికి ఊపిరాడడం లేదంటోంది.

"నాన్నా, చలికాలంలో నీళ్ళు ఆక్సిజన్ ఎక్కువ పట్టుకుంటాయి. పెరగాలి కదా అంకె?"

"పెరగాలి. పెరగడం లేదు. అందుకే వెతుకుతున్నాను."

"వేళ్ళు చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో. వాసన లేదు. జిగురు లేదు."

"వేళ్ళు రేపు కుళ్ళబోతూ ఇవాళ తెల్లగానే ఉంటాయి. అంకె ముందు చెబుతుంది. చెరువులు చూసినవాణ్ణి నేను."

గోంగూర పసుపు తిరిగింది. చూశావా అన్నాడు. గోంగూర ఎండల మొక్క, ఢిల్లీ చలికి అది కాక ఇంకేమవుతుంది, పక్క చిల్లుల్లో పెట్టిన పాలకూర నిగనిగలాడుతోంది కనిపించడం లేదా అన్నాను. ఆ మాట అక్షరాలా అలాగే అన్నాను: కనిపించడం లేదా అని.

ఆ నెలల్లో ఆయన ఇంకా కొన్ని చేశాడు. మమ్టీలో ట్యూబులైటు మసకగా ఉందని రెండుసార్లు మార్పించాడు. ఫ్లాస్కు కింద పెట్టుకునే తెల్ల పలక చాలదని తెల్ల పింగాణీ పళ్ళెం అడిగాడు. తరవాత బ్యూరెట్టు స్టాండు బయటికి మోయించి, నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడే పరీక్ష చెయ్యడం మొదలుపెట్టాడు. కాఫీ గ్లాసు నిండినా పోస్తూ ఉండేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు. నేను ఒక్కొక్కదానికీ విడివిడిగా విసుక్కున్నాను. ధ్యాస ఎక్కడుంటుంది నాన్నా అన్నాను. పెద్దతనం, మరుపు వస్తోంది అని మా ఆయనతో అన్నాను. ఇంగ్లీషులో దానికి ఉన్న పేరు కూడా అన్నాను.

ఇక తేల్చెయ్యాలనుకున్నాను. నాన్న ఎప్పుడూ రెండు సీసాలు నింపి, రెండింట్లోనూ మందులూ ఆసిడ్డూ వేసి ఉంచేవాడు. ఒకటి పరీక్షకి, రెండోది అవసరమైతే సరిచూసుకోవడానికి. ఒక శనివారం ఆ రెండో సీసాని కొంగుచాటున దాచి స్కూలుకి పట్టుకెళ్ళాను. మా కెమిస్ట్రీ మేడమ్ చేతులు కడుక్కుని, రెండుసార్లు చేసింది. రెండుసార్లూ తొమ్మిది పాయింటు రెండు, కాగితం మీద రాసిచ్చింది.

నాకు ఈల వెయ్యాలనిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే నా తెలివికి నాకే సిగ్గు. అవే నీళ్ళు. అవే మందులు. ఆయన చేత్తోనే వేసినవి. ఆ సీసాలో ఆయన చెయ్యి ఎక్కడా తప్పలేదని తొమ్మిది పాయింటు రెండే చెబుతోంది. తేడా వచ్చింది ఒకే ఒక్క చోట, చివరి రంగు దగ్గర, చూసే దగ్గర. ఇరవై ఏళ్ళు పిల్లలకి కన్ను బొమ్మ వేసి భాగాలు గుర్తించమన్నదాన్ని. నాకు ఇంతకంటే ఎవరేం చెప్పాలి? కానీ నేను ఆ కాగితంలో చూసింది నా గెలుపు ఒక్కటే.

ఆదివారం అందరం డాబా మీద కూచున్నాం. మా ఆయన పేపరు చదువుతున్నాడు. నాన్న స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. గింజ చేతిలో ఉంచుకోబోయి పొట్టు ఉంచుకుంటున్నాడు. కాగితం ఆయన ముందు పెట్టాను. చదవలేదు, నా మొహం వైపు చూశాడు. చదివి వినిపించాను.

"ఎవరు చేశారు?"

"మా కెమిస్ట్రీ మేడమ్. రెండుసార్లు."

"ఏ నీళ్ళు?"

"నీ రెండో సీసా."

ఆయన చేతిలో కాయ ఆగింది. మా ఆయన పేపరు దించి, "పోనిద్దూ, మావయ్యగారి సరదా..." అన్నాడు.

"సరదా ఏంటండీ? సగం మొక్కలు పీకేశాం. రెండు పంపులు పొద్దస్తమానం తిరుగుతున్నాయి, లేని జబ్బుకి వైద్యం." నాన్న వైపు తిరిగాను. "నీకు పని చేతకావడం లేదు నాన్నా. ఒప్పుకుంటే పోయేదేముంది?"

ఇప్పుడు ఆయన వాదించాలి. మీ మేడమ్ హైపో సరిచూసుకుందా అని అడగాలి. సీసా రాత్రంతా నిలవుంది కదా అనాలి. నేను వాటికి జవాబులు కూడా సిద్ధం చేసుకుని కూచున్నాను.

"సరే," అన్నాడు నాన్న.

అంతే. నలభై ఆరేళ్ళలో ఆయన నోటినుంచి నాతో వాదనలో ఆ మాట రావడం అదే మొదలు. లేచి, గోడ పట్టుకుని మమ్టీలోకి వెళ్ళాడు. బ్యూరెట్టు కడిగిన చప్పుడు వినిపించింది. సాయంత్రానికి అన్నీ మళ్ళీ పంచెల మధ్యకి, ఇనప్పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఇనప్పెట్టె మంచం కిందికి వెళ్ళింది. మర్నాటినించి బాల్కనీలో కుర్చీ. విమానాలు. "ఊ".

రెచ్చగొట్టి చూశాను. పాలకూరకి గాలే అక్కర్లేదు అన్నాను, రాయి లేకపోయినా బతుకుతుంది అన్నాను. వినిపించుకున్నట్టే లేదు. అలిగాడనుకున్నాను. ఓడిపోవడం చేతకాని మనిషి అనుకున్నాను. జనవరిలో వాన పడి డాబా మీద తీగ దగ్గర నిప్పురవ్వలు లేస్తే, పంపుల ప్లగ్గులు రెండూ పీకేశాను. ఆరాక పెడదాం అనుకున్నాను. స్కూల్లో బోర్డు పరీక్షల హడావిడి. ఆయన పైకి వెళ్ళడం మానేశాడు, నేనూ మానేశాను.

మార్చిలో ఆదివారం బజారులో నాన్న నా పక్కనే నడుస్తూ, కుడివైపు నించి వస్తున్న సైకిలు రిక్షాకి నేరుగా ఎదురెళ్ళాడు. రిక్షా అతను బ్రేకు వేసి, "బాబూజీ, దేఖ్ కే చలో" అని చూసి నడవమన్నాడు, కోపంగా కూడా కాదు. దెబ్బ తగల్లేదు. కళ్ళజోడు మార్పిద్దామని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

కళ్ళజోడు కాదు, నీటికాసులు. గ్లకోమా. ఒక గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి, ఎక్కడ దీపం మెరిస్తే అక్కడ బటను నొక్కమన్నారు. "అంకుల్‌జీ, లైట్ దిఖే తో దబాయియే" అని అటెండరు చెబుతూనే ఉన్నాడు. నాన్న వేలు బటను మీద అలా ఉండిపోయింది. గిన్నెలో దీపాలు వెలిగి ఆరుతూనే ఉన్నాయి, పక్కన నిలబడ్డ నాకు వాటి కాంతి కనిపిస్తోంది. ఆయన మధ్యమధ్య ఎప్పుడో ఒకసారి నొక్కాడు. కుడికన్ను దాదాపు పోయిందని, ఎడమ కంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలిందని డాక్టరమ్మ చెప్పింది. పోయింది తిరిగి రాదట. ఉన్నది నిలబెట్టడానికి చుక్కల మందు రాసింది. ఆరునెలల కిందట వచ్చి ఉంటే చాలా మిగిలేదంది. అప్పుడు ఏ ఇబ్బందీ కనబడలేదా, ఆయన ఏమీ చెప్పలేదా అని నన్ను అడిగింది.

ఆయన చెబుతూనే ఉన్నాడు. వారానికి మూడుసార్లు, తేదీ వేసి, నీళ్ళ వేడితో సహా రాసి చెబుతున్నాడు.

రంగులు కూడా తేడా వస్తాయా అని అడిగాను. కొందరికి నీలం, పసుపు ముందే మసకబారతాయంది. లోపల జరిగేది వాళ్ళకే తెలియదంది.

నాన్నని ఆటో ఎక్కించి ఇంటికి బయల్దేరాను. మునీర్కా దాటాక, ఎదురుగాలిలో, కొంచెం గొంతు పెంచి, "అమ్మాయ్" అన్నాడు. "నీలం ఇంకా ఉండగానే పోయిందనుకుని ఆపేసి ఉంటాను. హైపో ముప్పాతిక మిల్లీలీటరు పైచిలుకు తక్కువ పడి ఉంటుంది. నాలుగుతో హెచ్చిస్తే మూడున్నర. మీ మేడమ్ అంకెకీ నా అంకెకీ ఎంత తేడా?"

"మూడు పాయింటు నాలుగు."

"సరిపోయింది," అన్నాడు. ఆయన గొంతులో తృప్తి ఉంది. లెక్క కుదిరిన మనిషి తృప్తి. నేను ఆటో బయటికి తల తిప్పుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నోటుపుస్తకం తెమ్మన్నాడు. మంచం మీద పక్కన కూచోబెట్టుకుని, జులై నించి అంకెలు చదవమన్నాడు. నేను చదువుతున్నాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆరు పాయింటు ఎనిమిది. ఆరు పాయింటు ఎనిమిది. ఆరు పాయింటు ఏడు. ఆరు పాయింటు ఆరు.

"తేదీ?"

సెప్టెంబరులో రెండో వారం, చెప్పాను.

"అక్కడ ఆగు. నీళ్ళు చల్లబడుతున్నాయి, అంకె దిగింది. పరికరం చెడింది అక్కడే. రిమార్కుల గడిలో రాయి. ఇక్కణ్ణుంచి చూసేవాడి కన్ను నమ్మదగినది కాదు. కింది రీడింగులు లెక్కలోకి తీసుకోకూడదు."

రాయనన్నాను. రాయనని కాదు, వాదించాలనుకున్నాను. నాన్నా, ఇవి తప్పు రీడింగులు కావు, వీటిలో ఒక్కటీ కొట్టెయ్యక్కర్లేదు, నీ కన్ను ఏ వారం ఎంత పోయిందో ఇంత కచ్చితంగా ఏ ఆస్పత్రిలోనూ ఎవరూ రాసి ఉండరు, చదవాల్సిన మనిషి పక్కనే ఉండి చదవలేదు అనాలనుకున్నాను. పెన్ను మూత తీశాను. ఆయన చెప్పినట్టే రాశాను. అప్పటిదాకా ఆ గడి పుస్తకం మొత్తంలో ఖాళీగానే ఉంది.

"మీ మేడమ్ అంకె కూడా వెయ్యి. సరైనది ఒకటి ఉండాలి పుస్తకంలో."

తొమ్మిది పాయింటు రెండు అని రాశాను.

ఆయన దిండుకి ఆనుకున్నాడు. కాసేపటికి, ఆరు నెలలుగా మోస్తున్నదేదో దించుకున్నట్టుగా, "అయితే నీళ్ళు బాగానే ఉన్నాయన్న మాట" అన్నాడు.

"బాగానే ఉన్నాయి నాన్నా."

"పంపు నడుస్తోందా?"

"నడుస్తోంది," అన్నాను.

నిద్రపట్టేదాకా కూచుని, పైకి వెళ్ళాను. రెండు నెలలుగా తలుపు తియ్యని మమ్టీలో ఆయన తెల్ల పళ్ళెం బోర్లించి ఉంది. తొట్టి దగ్గరికి వెళ్ళకముందే వాసన తెలిసింది. అట్ట ఎత్తాను. పాలకూర వేళ్ళు గోధుమరంగుగా జారుతూ, పట్టుకుంటే నా వేళ్ళకి ఊడి వచ్చాయి. ఇప్పుడు కొలిస్తే ఆయన అంకె కంటే తక్కువే ఉంటుంది.

తీగ తుడిచి, ప్లగ్గులు రెండూ పెట్టాను. పంపు ఒకసారి గురగురమని అందుకుంది. నల్లటి నీళ్ళలో, రాళ్ళ దగ్గరనించి, పొగలాంటి సన్నటి బుడగలు ఆ ఊడిపోయిన వేళ్ళ మధ్యనించి పైకి రావడం మొదలుపెట్టాయి. మమ్టీ గూట్లో ఇత్తడి చెంబు ఉంది. తెచ్చి, ముంచి, చెయ్యెత్తునించి పోశాను. ఎత్తు చాలదు అనడానికి పక్కన ఎవరూ లేరు. సాయంత్రం నాన్నకి కళ్ళలో చుక్కలు వెయ్యాల్సిన వేళయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.